ఫౌజుకు పెద్ద

ఉద్యమం రోజుల్ల బస్సుల కోరుట్ల నుంచి సిరిసిల్ల పోతున్న. జగిత్యాల దాటంగనే తుపాకుల పోలీసోళ్లు బస్సు ఆపి సంచులు దేవులాడుతున్నరు. నా సంచిల జై తెలంగాణ బ్యానర్ ఉన్నది. సంచిని కాళ్ల కిందికి నూకిన.

పక్క సీట్ల మిలిట్రీల చేసి రిటైరైన ముసలాయన ఉన్నడు.

"ఎవ్వలు చెప్తె కాలుస్తరు తాతా వీళ్లు?" అని మెల్లగ అడిగిన.

"మా ఫౌజుకైతే రాష్ట్రపతి పెద్ద, బిడ్డా. ఇరవై ఏండ్లు ఆ పేరు మీదనే తుపాకి పట్టిన గని, ఒక్కపారి కూడ మొఖం చూడలె. గీడ పెద్ద మాత్రం, గా జీపు కాడ నిలబడ్డోడే."

నా సంచి గుంజుకొని తన ఒళ్లె పెట్టుకున్నడు. తుపాకాయన దగ్గరికి రాంగనే ముసలాయన ఒక చేత్తోని మిలిట్రీ సలాం కొట్టిండు. ఆయన కూడ సలాం కొట్టి ముందుకు పోయిండు.

ఇప్పుడు టీవీల రాష్ట్రపతికి ఫౌజు సలాం కొడుతుంటే, నా సంచిని అదిమి పట్టిన ఆ ముసలాయన రెండో చెయ్యే నాకు యాదికొస్తది.