ఎంక్వైరీ సారుకు కారు పంపాను

మా అక్క పింఛను ఆపేశారు. ముందు ఒక మాట లేదు, ఒక కాగితం లేదు. ఎప్పటిలాగే పోస్టాఫీసుకు పోయి మిషన్ మీద వేలు పెట్టింది. "నీ పేరు లేదవ్వా" అన్నారు. ఎందుకు లేదంటే "సిస్టంల తీసేసిండ్రు" అన్నారు. ఆ సిస్టం అనే పెద్దమనిషి ఎక్కడ కూర్చుంటాడో, ఏ టైముకు దొరుకుతాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. అయితే మొదట్లో అది చిన్న అన్యాయమే, ఎక్కడో కంప్యూటర్లో ముడుచుకుని పడుకుని ఉండేది. దాన్ని లేపి, స్నానం చేయించి, సర్కారు దగ్గర లేని సాక్ష్యాన్ని పెట్రోలు పోయించి మరీ సర్కారు కళ్ళ ముందుకు తోలిన ఘనుడు ఒకడున్నాడు. ఇది రాస్తున్నది ఆ ఘనుడే. అప్పటికి ఇంకా కుర్రవాడు పాపం, డెబ్భై కూడా నిండలేదు.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. చిన్న వయసులోనే బావ పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. ఆనాటి నుంచి ఆమెకు ఏది కావాలన్నా ఒకరిని అడగడమే. ముందు మా నాయన్ను, తర్వాత మా అన్నను, మేం కుల్చారం నుంచి మెదక్ వచ్చి స్థిరపడ్డాక నన్ను. నేను లేదనలేదు. కానీ అడగడం అడగడమే కదా! ముసలితనంలో ఆ పింఛను వచ్చాక మొదటిసారి ఆమె ఎవరినీ అడగకుండా ఆకువక్క కొనుక్కుంది. పోస్టాఫీసు నుంచి వచ్చేటప్పుడు నాకు మిర్చీలు తెచ్చి, "తిను తమ్మీ, నా పైసలే" అనేది. ఆ 'నా' అనే మాటను నోట్లో వక్కలాగా కాసేపు నములుతూ అనేది.

పింఛను ఆగిన నెలలో అక్క ఆకువక్క మానేసింది.

"ఏందక్కా, మానేసినవ్?"

"పండ్లు నొస్తున్నయిరా."

అక్క పళ్ళు నాకు తెలుసు. ఈ వయసులో కూడా చెరుకు గడ చీలుస్తుంది. నన్ను ఆకువక్కకు అడగడం ఇష్టం లేక మానేసింది. నేను రంగంలోకి దిగాను.

నేను చదివింది అయిదో తరగతే. బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపాను. కానీ పంక్చర్ వేసిన చేత్తోనే చట్టం పుస్తకాలు తిరగేశాను. చిత్తు కాగితాల దుకాణంలో తూకానికి కొన్నవి. అట్టలు ఉండవు, మొదటి పేజీలు ఉండవు, కాబట్టి చట్టాల పేర్లు నాకు కొంచెం తక్కువ తెలుసు. లోపలి సంగతులు మాత్రం కంఠతా వచ్చు. ముసలితనంలో మనిషికి సర్కారు ఆసరా కావాలని రాజ్యాంగంలో ఎక్కడుందో అడగండి. నలభై ఒకటో అధికరణం. చూశారా, మీరు అడగకముందే చెప్పాను.

పింఛన్ల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

"మీ ఇంట్ల కారున్నది పెద్దాయనా. కారున్నోళ్ళకు పింఛను రాదు."

"మా ఇంట్లనా? ఏడ పెట్టినమంట, అటక మీదనా?"

"శ్రీనివాస్ ఎవరు?"

అప్పుడు అర్థమైంది. శీనుగాడు మా అన్న కొడుకు. అన్నావదినలు పోయాక మా అక్కే పెంచింది. పెళ్ళయ్యాక కౌడిపల్లిలో వేరు కాపురం పెట్టాడు. అప్పు చేసి కారు కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. వాడి పేరు మా రేషన్ కార్డులోంచి తీయించాలన్న ఆలోచన వాడికీ రాలేదు, మాకూ రాలేదు. కంప్యూటర్ ఏం చేసింది? వాడి పేరు మా కార్డుకు, వాడి కారు వాడి పేరుకు కలిపి, ఆ కారును తెచ్చి మా అక్క నెత్తిన పెట్టింది.

"వాడు వేరుండవట్టి మస్తు దినాలాయె" అన్నాను.

"గట్లని రాసియ్యుండ్రి. ఎంక్వైరీకి పంపుతం."

రాసిమ్మన్నారు! నన్ను! ఆకలిగొన్నవాడిని పెళ్ళి పందిట్లోకి పిలిచినట్టయింది. ఆ ఆదివారమంతా కూర్చుని అర్జీ రాశాను. 'సదరు' అనే మాట పడని వాక్యం ఒక్కటి లేదు. రాసింది అక్కకు చదివి వినిపించాను. "సదరు శ్రీనివాస్‌కును మాకును రాకపోకలు గాని, మాటామంతీ గాని, మంచినీళ్ళ ఇచ్చిపుచ్చుకోవడం గాని ఎంతమాత్రమూ లేవనియు, సదరు కారును మేము కంటితో చూచి ఎరుగమనియు..."

అక్క చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగింది.

"ఓరి, మొన్న దసరాకు వాడే గదరా నీకు ధోతి పెట్టింది! ఇప్పుడు కట్టుకున్నవ్ చూడు."

"అక్కా, ఇది చట్టం. ఉన్నదున్నట్టు రాస్తే బలం రాదు."

"బలం రాకుంటె మానె. పింఛను వస్తె చాలు. వేరుంటున్నడు, వేరే వండుకుంటున్నడు అని రాయి, అయిపాయె."

"నీకు తెల్వదు, ఊకో."

ఊకుంది. అర్జీ వెళ్ళింది. కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. ఎంక్వైరీ సారు.

"పెద్దాయనా, రేపు మీ ఇంటికి విచారణకు వస్తున్న. ఇల్లు ఏడ వస్తది?"

"ఎట్ల వస్తున్నరు సార్?"

"బస్సుల వస్త. బస్టాండ్ల దిగి నడుచుకుంట వస్త."

ఇక్కడ మా నాయన గురించి చెప్పకపోతే మీరు నన్ను వట్టి తెలివితక్కువవాడు అనుకుంటారు. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, చాలా ఇబ్బందులు దానివల్లే. మా ఊళ్ళో భూముల లెక్కలు చూసే గిర్దావరు వస్తున్నాడంటే మా నాయన సడక్ దాకా ఎడ్లబండి పంపేవాడు. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత, బొంత మీద ఉతికిన దుప్పటి. ఆ గిర్దావరు మా చెలక మీద శిస్తు పెంచడానికి వస్తున్నా సరే, బండి మాత్రం వెళ్ళేది. "సర్కారు మనిషి మన వాకిట్లకు కాళ్ళీడ్చుకుంట వస్తె ఇజ్జత్ వాళ్ళది కాదు, మనది పోతది" అనేవాడు. ఆ మాట నా ఎముకల్లో ఇంకిపోయింది.

కాబట్టి నా నోరు నన్ను అడగలేదు.

"అయ్యో, గీ ఎండల నడుస్తరా సార్! బస్టాండ్లనే ఉండుండ్రి. కారు పంపిస్త."



"కారా?"

"ఏసీది సార్."

ఫోను పెట్టేసి శీనుగాడికి ఫోను చేశాను. వేరే కారుకు కిరాయి ఇవ్వాలి. మనవాడైతే ప్రేమగా వస్తాడు. అక్క వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎవరి కారు పంపుతున్నవ్?"

"శీనుగానిది."

"తమ్మీ, మన కొట్లాట దేని మీద?"

"చట్టం మీద."

"కారు మీద కాదా?"

"అక్కా, జర అర్థం చేసుకో. ఆ కారు మనది కాదు. మనది కాదు కాబట్టే ధైర్యంగ పిలుస్తున్న. మనదైతే దాచిపెట్టకపోదుమా? మనకేం భయం?"

అక్క నన్ను అలాగే చూసింది. చిన్నప్పుడు నేను బర్రె మీదెక్కి చెరువులో పడ్డప్పుడు సరిగ్గా ఇలాగే చూసింది.

మర్నాడు వాకిలి ఊడ్చి, పక్కింటి నుంచి మంచి కుర్చీ తెప్పించి, తువ్వాల భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాను. కారు వచ్చింది. తెల్లగా, కడిగిన గిన్నెలాగా మెరుస్తోంది. శీనుగాడు పొద్దున్నే లేచి తోమాడట, "చిన్నాయన ఇజ్జత్ గదా" అని. సారు ముందు సీట్లోంచి దిగాడు. కుర్రవాడు, మంచివాడిలాగానే ఉన్నాడు. నన్ను చూసి దండం పెట్టాడు. తర్వాత నా వైపు రాకుండా కారు వెనక్కి వెళ్ళాడు. నంబరు ప్లేటు చూశాడు. చేతిలో కాగితం చూశాడు. మళ్ళీ నంబరు ప్లేటు చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఎవరినీ అంత శ్రద్ధగా చూసి ఉండరు.

"పెద్దాయనా, కారును కంటితోటి చూడలేదని రాసిండ్రు?"

"ఇగో, ఇప్పుడే సార్ చూసుడు!"

"రాకపోకలు లేవన్నరు?"

"గియ్యాల ఒక్కరోజే సార్, మీ కోసం పిలిచిన. మామూలుగైతే వాడు ఈ గడప తొక్కడు."

నేను ఆ మాట ముగించానో లేదో, శీనుగాడు చెప్పులు విప్పి, మా పక్క నుంచి దూరి, నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు.

"అత్తా, ఆకలైతుంది! మొన్న నేనొచ్చినప్పుడు పెట్టిన మామిడికాయ తొక్కు ఇంకున్నదా?"

సారు లోపలికి తొంగి చూశాడు. అక్క వాడికి స్టీలు పళ్ళెంలో అన్నం పెడుతోంది. మన ఇళ్ళల్లో పళ్ళేల మీద పేర్లు చెక్కిస్తాం కదా? ఆ పళ్ళెం అంచు మీద, కొట్టొచ్చినట్టు, 'శ్రీనివాస్' అని ఉంది. వాడు బడికి పోయే రోజుల్లో అక్క చెక్కించింది. సారు ఆ పేరు చదివాడు. అర్జీలో పేరు చదివాడు. నా వైపు చూశాడు.

"పళ్ళెం పాతది సార్" అన్నాను. నలభై ఒకటో అధికరణం ఆ సమయానికి ఎక్కడికి పోయిందో తెలియదు.

సారు ఫోను తీసి ఇంటి ముందు కారును ఫొటో తీశాడు. నన్ను కూడా నిలబడమన్నాడు. నిలబడితే నిలబడ్డాను, చెయ్యి కారు మీద వేసి నిలబడ్డాను! ఎవరు వేయమన్నారు? ఎవరూ వేయమనలేదు. ఫొటో అంటే చెయ్యి దేనిమీదైనా వేయాలి కదా అని వేశాను.

కొద్ది రోజులకు ఉత్తరువు వచ్చింది. పింఛను రద్దు సరైనదేనట. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది: "సదరు కారు సదరు ఇంటి అవసరాలకు వాడబడుచున్నది, విచారణాధికారి స్వయముగా అందులో ప్రయాణించియున్నారు." నా 'సదరు'లతో నన్నే కొట్టారు! మొదట అది కంప్యూటర్ పొరపాటు. ఇప్పుడు దానికి సాక్షి ఉన్నాడు, ఫొటో ఉంది, ఫొటోలో నేనున్నాను.

మర్నాడు పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు అక్క, "చాయ్ తాగుతవా, కారు పంపన్నా?" అంది. ఆ నెలంతా అదే మాట.

కానీ నేను ఊరుకునే రకం కాదు. అప్పీలు చేశాను. ఈసారి 'సదరు' ఒక్కటి లేకుండా, అక్క చెప్పింది చెప్పినట్టు రాశాను. చివర నా వంతుగా ఒక్క పాయింటు కలిపాను. కలెక్టరాఫీసులో పై అధికారి, ఒక మేడం, మమ్మల్ని పిలిచింది. అక్కను కూర్చోబెట్టింది. నేను నిలబడే మాట్లాడాను.

"మేడం, దారి తప్పిన మేకను బందెలదొడ్డిల పెట్టినా ఊళ్ళె చాటింపు ఏస్తరు. గిది ఎవలిది, వచ్చి చెప్పుకోండ్రి అని. మా అక్క పింఛను ఆపేటప్పుడు గా పాటి చాటింపు కూడ లేదు. ముందే ఒక్క నోటీసు ఇస్తె, వాని పేరు కార్డులకెళ్ళి తీయించుకునేటోళ్ళం. ఒక మనిషి మాట వినకుండ ఆ మనిషి కూడు ఎట్ల ఆపుతరు?"

మేడం కలం కింద పెట్టింది. "పాయింటు మంచిగ చెప్పిండ్రు" అంది. నా ఛాతీ ఉబ్బింది. ఆమె ఫైలు తిప్పింది. ఫొటో వచ్చింది. దాన్ని ఎత్తి నాకు చూపించింది.

"గింత తెలివి ఉన్నోళ్ళు, మరి ఎంక్వైరీకి గదే కారు ఎందుకు పంపిండ్రు?"

మా నాయన, గిర్దావరు, ఎడ్లబండి, బొంత, దుప్పటి... ఇవన్నీ ఏ సెక్షను కింద చెప్పాలి? అక్క అందుకుంది.

"వీనికి మర్యాద జర ఎక్కువ మేడం. యముడొస్తున్నడన్నా ఎదురు బండి పంపుతడు. కారు పిల్లగానిది. వాడు వేరు వండుకుంటడు, కానీ నేను పెంచిన. వస్తె అన్నం పెడ్త. పెట్టద్దంటె పింఛను మీరే ఉంచుకోండ్రి."

మేడం ఫొటోను ఫైల్లో పెట్టేసి, "అన్నం పెట్టుండ్రి అవ్వా. పిల్లగాన్ని మాత్రం కార్డు వేరు చేయించుకొమ్మను" అంది.

శీనుగాడు చేయించుకున్నాడు. మళ్ళీ విచారణ అన్నారు. అదే సారు, అదే బస్సు. ఆ రోజు ఎండ ఎలా ఉందనుకున్నారు! సారు మా వీధి మలుపులో కనిపించాడు, చెమటలు కారుతూ, ఫైలు నెత్తిన పెట్టుకుని. నా కాళ్ళు ఒకటే గుంజాయి. పక్కింటివాళ్ళ స్కూటీ తాళం చెవి గోడకే వేలాడుతోంది. "కదిలినవంటె చూడు" అని అక్క లోపలి నుంచే అంది. నేను తలుపు చెక్క పట్టుకుని, పళ్ళు బిగబట్టి, సర్కారు మనిషిని నడవనిచ్చాను. మా నాయన పైనుంచి చూసి ముఖం తిప్పుకునే ఉంటాడు.

అందుచేత, తువ్వాల భుజం మీంచి తీసి నడుముకు చుట్టుకుని, నా కిరాయి సైకిళ్ళ సాక్షిగా, అట్టలు లేని నా చట్టం పుస్తకాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ విచారణాధికారికీ కారు, బండి, ఆటో, సైకిలు, ఆఖరికి గొడుగు కూడా పంపను. ఎండలో మాడినా, వానలో నానినా, వాళ్ళ దారిన వాళ్ళు రావలసిందే. చట్టం గురించి కొట్లాట మాత్రం మానను. ఆ రెండూ వేరు.

జవాబు వచ్చాక, పింఛను మళ్ళీ చేతికందిన రోజు సాయంత్రం అక్క నోరు ఎర్రగా ఉంది. మిర్చీల పొట్లం నా ముందు పెట్టి, "చదువు, మళ్ళ ఒకసారి చదువు" అంది. చదివాను. మీరూ వినండి:

"మీ అప్పీలు పరిశీలించడమైనది. కారు గల వ్యక్తి వేరు కాపురం ఉంటున్నట్లు నిర్ధారణ అయినందున మీ అక్కగారి పింఛను పునరుద్ధరించడమైనది. ఆపిన నెలలవి కూడా చెల్లించబడును. ముందుగా నోటీసు ఇవ్వకుండా నిలిపివేయుట సరికాదన్న మీ అభ్యంతరం సమంజసమైనది. అయితే ఇకమీదట విచారణకు వచ్చు సిబ్బందికి వాహనం పంపవలదని మీకు సూచించడమైనది. వారు బస్సులో రాగలరు."