ఇంజన్ తోమిన అల్లుడు

మద్నూర్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మనిషి మా దుకాణం మెట్లెక్కకుండా కిందనే నిలబడి, "మీ బావ పాయె" అన్నాడు. ఛాతీలో నొప్పి వచ్చిందట. దవాఖానకు తీసుకుపోయేందుకు జీపు మాట్లాడేలోపే అయిపోయిందట.

ఆయన మా అక్క భర్త, వాళ్ళ ఊరు మద్నూర్. మా బాపును ఎరిగినవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియదు గానీ "ఇంజన్ తోమిన అల్లుడు" అంటే మా బాన్సువాడలో ఎవరైనా నవ్వుతారు. ఆ బిరుదు ఎట్లా వచ్చిందో మీకు చెప్పాలి. చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

డెబ్బైల మొదట్లో బాపు ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాడు. దాన్ని మేమంతా ఫట్‌ఫటి అనేవాళ్ళం. బాపు దాన్ని మా అందరికంటే ముద్దుగా చూసుకునేవాడు. కోపం మాత్రం మా కోసం దాచి ఉంచేవాడు, అందులోనూ పెద్ద వాటా అమ్మది.

ఆ ఏడు దసరాకు అక్కాబావలు వచ్చారు, చుట్టాలు దిగారు. బాపు సరుకు కోసం నిజామాబాద్ పోయి ఉన్నాడు. పండుగనాడు బండికి పూజ ఉంటుంది కదా అని, అమ్మ ఇత్తడి బిందెలు తోముతూ తోముతూ అదే చింతపండు, అదే ఉప్పుతో ఇంజన్ను కూడా తోమేసింది. నీళ్ళు లోపలికి పోతాయని భయపడి చెంబెడు నీళ్ళు చల్లి వదిలేసింది. ముందు తళతళలాడింది. మర్నాటికి మచ్చలు తేలాయి. ఇంజన్ రెక్కల సందుల్లో సున్నంలాంటి తెల్ల పొడి పూసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అక్క పోయి బావకు చెప్పింది.

బావకు మెకానిక్ పని ఏమీ రాదు. కానీ ఊరుకునే మనిషి కాదు. మా దుకాణం తలుపులకు వేయగా మిగిలిన వెండిరంగు డబ్బా తెచ్చి, ఆ పొడి మీదనే, ఆ తడి మీదనే రెండు పూతలు పూసేశాడు. బండి కొత్తపెళ్ళికొడుకైంది.

బాపు వచ్చి చూసి మురిసిపోయాడు. పూజ చేసి, బొట్టు పెట్టి, బావను వెనక కూర్చోబెట్టుకుని రుద్రూర్ దాకా పోయాడు. తిరిగొచ్చేసరికి ఇంటి ముందంతా కమురు వాసన. ఇంజన్ మీది రంగు పెనం మీది జొన్నరొట్టెలా పొంగి ఉంది. బాపు అక్కడికక్కడే మెకానిక్కును పిలిపించాడు. అతను పానాతో ఒక పొక్కును గీరితే పెచ్చు లేచింది. కింద తెల్లటి ముద్ద.

"ఉప్పు తాకింది సేఠ్. కడగకుంటనే మీద రంగు గొట్టిన్రు. ఇగ పొంగదా?"

"ఉప్పెవలు తాకిచ్చిన్రు?" బాపు కేకకు వాకిట్లో చుట్టాలంతా లేచి నిలబడ్డారు. వంటింటి తలుపు వెనక అమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

"నేనే మామా" అన్నాడు బావ. "మెరుస్తదని చింతపండు వెట్టి తోమిన. రంగు గూడ నేనే ఏసిన."

అల్లుణ్ణి తిట్టకూడదు. బాపు కాసేపు పళ్ళు కొరికి, చివరికి పకపకా నవ్వాడు. "ఇంజన్ను గిన్నె లెక్క తోమినవా అల్లుడా!" చుట్టాలంతా నవ్వారు. బావ కూడా తల దించుకుని నవ్వాడు.

మర్నాడు ఆయనే వాకిట్లో పీట వేసుకుని, కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో రుద్ది ఆ పెచ్చులన్నీ గీరాడు. అల్లుడు అత్తగారింట్లో నేలమీద కూర్చుని మసి చేతులతో పని చేయడం మా దగ్గర ఎంత నామోషీయో మీకు తెలుసు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయారు. నేను పక్కన కూర్చుని, "బావా, బాపుకు నేను జెప్త" అన్నాను.

"ఊకో బామ్మర్దీ. అల్లుణ్ణైతే ఒక్క దినం నవ్వుతడు. అత్తనైతే ఏడాదంత అంటడు."

మొదటి మాటలో ఆయన లెక్క తప్పింది. బాపు ఒక్క దినంతో ఆపలేదు. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో, బస్సులో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ ఆ కథ చెప్పాడు. చెప్పినప్పుడల్లా అమ్మ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. బావ మాత్రం, "ఔ మామా, గప్పటి సంది మా ఇంట్ల గిన్నెలు గూడ నేనే తోముతున్న" అని ఇంకో నవ్వు అందించేవాడు. ఆ తరువాత ఆయన గోడకు గానీ గేటుకు గానీ సున్నమో రంగో వేయించేముందు అరచెయ్యి తిప్పి వెనకవైపుతో తాకి చూసేవాడు. "తడి ఆరనియ్యున్రి, తొందరేంది" అనేవాడు. అది చూసి కూడా జనం నవ్వేవాళ్ళు.

అమ్మ ఆయనకు ఒక్క మాట చెప్పుకోలేకపోయింది. మా ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదుట పడదు. తలుపు చాటున నిలబడి, "చాయల చక్కెర సరిపోయిందా, అడుగు" అని నాతో అనేది. ఆయన ఆ మాట వినికూడా, "సరిపోయిందని జెప్పు" అని నాతోనే అనేవాడు. మధ్యలో నేను తపాలా బంట్రోతును. ఇన్నేళ్ళూ చక్కెర సంగతి మోశాను. అసలు సంగతి మోయమని అమ్మ అడగనూ లేదు, బావ ఒప్పుకోనూ లేదు. ఆయన మా అమ్మ పరువు కాపాడితే మేమంతా ఆయనను నలుగురిలో నవ్వులాటకు వదిలేశాం. ఆ సంగతి తలచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

మద్నూర్‌లో వాకిలి నిండా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. బావను చాప మీద పడుకోబెట్టారు. బాపు ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "ఇంజన్ తోమిన నా అల్లుడు పాయెరా" అని ఏడ్చాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ ఏడుపులోనే ఎవరో చిన్నగా నవ్వారు కూడా.

అప్పుడు ఆడవాళ్ళలోంచి అమ్మ లేచింది. అక్క చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. అంతమంది మగవాళ్ళను దాటుకుని వచ్చి బావ తల దగ్గర కూర్చుంది.

"తోమింది గాయిన గాదు" అంది, బాపు వైపు చూసి. "నేను. ఉప్పు వెట్టింది నేను. మీరు నన్నంటరని గాయిన మీదేసుకున్నడు."

 బాపు భుజం మీది తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ ఇంక ఆయనను చూడలేదు. బావ వైపు తిరిగింది. "కొడుకా, ఇన్నొద్దులు నీకు చెప్పరాకపాయె" అని మొదలుపెట్టి, నీకేం కూర ఇష్టమో తెల్వకపాయె, నా బిడ్డ నిన్ను సతాయించిందా, కాళ్ళు నొస్తున్నయంటివి తగ్గినయా అని, పక్కన ఎవరూ లేనట్టే ఒక్కొక్కటే అడిగింది. పాడె సిద్ధమైందని మోసేవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.