కోళ్ళ మీద బోర్లించిన డిష్షు

బాగున్న డిష్షును పనికిరాదని చెప్పి దింపించారు. పెరట్లో కోళ్ళ మీద బోర్లింపజేశారు. అది నేను బిగించిన డిష్షు.

2001 ఎండాకాలం. సోంపేట రోడ్డు పక్కన దాలమ్మ టీ కొట్టు. డాబా మీద ఎనిమిది అడుగుల జాలీ డిష్షు, కింద టీవీ, ముందు రెండు బల్లలు. జీడితోటల్లో పని ముగించుకొచ్చేవాళ్ళు టీవీ చూస్తూ రెండో టీ అడిగేవారు. చానళ్ళు ఒక్కొక్కటే డిజిటల్‌కు మారాయి. బొమ్మ పోయింది, బల్లలు ఖాళీ అయ్యాయి. పలాసలో డిష్షులు అమ్మే అప్పన్న, "పాత డిష్షు డిజిటల్‌ని పట్టదు, మొత్తం మార్చాల" అన్నాడట. దాలమ్మ చెవిపోగులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది.

నాకు ఒళ్ళు మండింది. పాత రేడియోలు విప్పి నేర్చుకున్న విద్య నాది. డిష్షు పని ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌ను ఒకచోటికి పోగుచేయడమే. వచ్చేది పాత రకమా, డిజిటలా అని దానికి పట్టదు. సిగ్నల్‌ను బొమ్మగా మార్చే రిసీవర్ పెట్టె మారిస్తే చాలు.

పలాస వెళ్ళి అప్పన్నను అడిగాను. "ఆ డిష్షుకి ఏటైందో సెప్పు."

"బేరం టైములో ఏటి మావా" అని అటు తిరిగిపోయాడు.

కొత్త రిసీవర్ పట్టుకుని దాలమ్మ పెరట్లోకి వెళ్ళాను.

"కోళ్ళకి బాగుంది బావా. పిల్లి దూరట్లేదు" అంది.

"నీ కోళ్ళు టీ కొంటాయేటే?"

గాలికి ఎగరకుండా పైన రాళ్ళు పెట్టింది. అంచు వంగింది. వల నేసే నూలు రెండు పోగులు అంచు మీద అడ్డంగా, నిలువుగా బిగించాను. నడుమ రెండూ తాకితే అంచు తిన్నగా ఉన్నట్టు. వేలెడు ఎడం ఉంది. మడమతో తొక్కాను, మళ్ళీ చూశాను. పోగులు తాకేదాకా వదల్లేదు.

కింద టీవీకి కొత్త రిసీవర్ తగిలించి, డిష్షును డాబా ఎక్కించి, ఉపగ్రహం ఉండే దిక్కుకు, సముద్రం వైపు తిప్పాను. గోరంత, గోరంత జరిపాను.

"వొచ్చిందేటి?"

"నేదు."

"ఇప్పుడో?"

"ఉండు బావా... ఓలమ్మ, అద్దంలాగుంది."

సాయంత్రానికి బల్లలు నిండాయి. దాలమ్మ పోగులు చెవులకే ఉన్నాయి.

దేన్నయినా పనికిరాదంటే ఏ పనికి రాదో అడిగి తీరాలని ఆనాడే నాకు ఖాయమైంది. కొన్నాళ్ళకు క్రికెట్ మ్యాచ్ రోజున అప్పన్న వచ్చి ఆ బల్ల మీదే కూర్చున్నాడు. అందరి ముందూ మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. ఆ డిష్షుకి ఏమైందని.

గ్లాసు ఖాళీ చేసి, టీవీ వైపే చూస్తూ అన్నాడు:

"ఏటీ అవనేదు మావా. మా డాబా మీద ఆడతన్నదీ పాతదే."