ఒలింపిక్ కొలనులో రత్నకుమారి ఆంటీ

కోవిడ్ నుంచి తేరుకున్నాక రత్నకుమారి ఆంటీకి నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. ఆమె ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఒక వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళను చూసుకునే కేరర్, నేను అదే ఊళ్ళో నర్సుని. ఈత మంచిదని జీపీ డాక్టరు చెప్పాడు. మాకు దగ్గరున్న కొలను ఇంకా మూసే ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట, ప్రత్యేక అవసరాలున్న క్రీడాకారుల ఒలింపిక్స్ జరిగిన డబ్లిన్ కొలను మాత్రం తెరిచారు.

"మునిగితే ఒలింపిక్ నీళ్ళలోనే మునుగుదాం అమ్మాయ్," అంది ఆంటీ. "సోమవారం డ్యూటీకి రమ్మంటన్నారు. ఈ చివర్నించి ఆ చివరికి ఈదితే ఎల్తా. లేకపోతే మానేస్తా."

శనివారం ఉదయం రైలెక్కాం. ఈత దుస్తులు ఇంటి దగ్గరే వేసుకుని రావాలని కొలనువాళ్ళ నియమం. చుడీదార్ల కింద ఆ బిగుతు బట్టలతో రెండు గంటలకు పైగా కూర్చున్నాం. మా దారిన వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా: రైల్లో టీ తాగకండి.

మా తువ్వాళ్ళు చూసి ఎదుటి సీటాయన, "సముద్రానికా?" అన్నాడు.

"ఒలింపిక్స్‌కి," అంది ఆంటీ. ఆయన మాస్కు కిందికి దించి మమ్మల్ని ఓసారి ఎగాదిగా చూసి, మళ్ళీ శాండ్‌విచ్ అందుకున్నాడు.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్లో దిగి రెండు బస్సులు మారాం. బస్టాపులోనే పులిహోర తిన్నాం. ఈతకు ముందు తినకూడదట, తిన్నాక గుర్తొచ్చింది.

పోటీల కొలను అలాగే ఉంది. పక్కనే పిల్లలు జారే గొట్టాలు. ఛాంపియన్లు ఈదిన వరసల్లో ఇప్పుడు పూల టోపీల బామ్మలు, బొజ్జల మీద తేలే తాతలు.

కొమ్మమూరు కాలువలో చిన్నప్పుడు నేర్చిన కప్ప ఈతతో ఆంటీ బయల్దేరింది. సగం దూరంలో తాడు పట్టుకుని ఆగిపోయింది. మొహం కందిపోయింది. నేను నాడి చూస్తుంటే, పక్క వరసలో యాభై ఏళ్ళాయన ఆగాడు. పేరు డెర్మట్.

"ఆ ఒలింపిక్స్‌లో నేనిక్కడే ఈదాను," అన్నాడు.

"పతకం వచ్చిందా?" ఊపిరి అందకపోయినా ఆంటీ అడిగింది.

"నాలుగో స్థానం."

గట్టు మీదున్న ఆయన అక్క నవ్వింది. "ఈదింది నలుగురేలెండి."

"అవును," అన్నాడు డెర్మట్, ఏమాత్రం నొచ్చుకోకుండా. "చివర్లో అందరూ నన్నే చూశారు." తర్వాత ఆంటీ వైపు తిరిగాడు. "మీరు గాలి పీలుస్తున్నారు, వదలట్లేదు. నీళ్ళలో బుడగలు ఊదండి."

ఈలోగా లైఫ్‌గార్డు వచ్చి, "దూరం పాటించండి," అన్నాడు.

"శిక్షణ ఇస్తున్నాను," అని డెర్మట్ గంభీరంగా చెప్పేసరికి అతను వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆంటీ బుడగలు ఊదుతూ కదిలింది. పక్క వరసలో ఆయన ఆమె వేగానికే ఈదాడు. మాకిచ్చిన సమయం అయిపోయి, బామ్మలూ తాతలూ గట్టెక్కి చూస్తూ నిలబడ్డారు. ఆంటీ అరచేయి గోడకు తగిలింది. నమ్మకం కుదరక మరోసారి తట్టి చూసుకుంది.

సాయంత్రం రైల్లో, జుట్టు తడి ఆరకముందే, మేనేజరుకు ఫోన్ చేసింది. "మండే వస్తాను. స్లోగా చేస్తాను, అయినా గ్రాండ్." ఇక్కడివాళ్ళ మాటలో గ్రాండ్ అంటే 'బాగానే ఉన్నా' అని.

ఆటలు ముగిశాక ఇలాంటి కొలనులు ఏమవుతాయని అడిగేవాళ్ళున్నారు. నేను చూసినంతలో, ఆటగాళ్ళందరూ వెళ్ళిపోలేదు. డెర్మట్ ప్రతి శనివారం వస్తాడు.

"వచ్చే వారం కూడా రమ్మన్నాడు," అంది ఆంటీ కిటికీకి తల ఆనించి. "కాళ్ళు వంకరగా కొడతన్నానంట."