చెయ్యి ఆడుతుండాలి

ఇమాం సాహెబ్ చెయ్యి ఊరికే ఉండగా చూసినవాడు ఏలూరులో లేడు. అన్నం తింటూ ఎడమచెయ్యి ఆడిస్తాడు, బేరమాడుతూ ఆడిస్తాడు, నిద్రలోనూ ఆడిస్తాడని భార్య చాంద్ బీ ఫిర్యాదు. "ఆ చెయ్యి కాస్త ఆపండి, చూడలేక చస్తున్నాను" అని ఆవిడ రోజూ అంటూనే ఉండేది. మనిషీ అంతే, కాలుగాలిన పిల్లి.

తప్పు అతనిది కాదు, వృత్తిది. కొల్లేటి చేపపిల్లల్ని కుండల్లో పోసి, మండవల్లి వైపునుంచి పడవలో తెచ్చి, గుండుగొలను రైతుల చెరువులకు ప్రాణాలతో చేర్చాలి. దారిపొడుగునా కుండలో చెయ్యి పెట్టి నీళ్లు కదుపుతూనే ఉండాలి. కాస్త కునుకు తీశాడో, పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ తెరిచిన నోళ్లంటే అతనికి చచ్చేంత భయం.

ఒకసారి పడవలో హైస్కూలు సైన్సు మేష్టారు అనంతపద్మనాభం గారు పక్కన కూర్చుని ఆ సంగతి విప్పి చెప్పారు.

"గాలి పైనుంచి నీళ్లలోకి దిగుతుందయ్యా. ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి దానంతటదే పోతుంది, గ్లాసునీళ్లలో సిరాచుక్క పాకినట్టు. నీళ్లలోంచి చేప మొప్పల్లోకి, అక్కణ్ణుంచి నెత్తుట్లోకీ అంతే. నువ్వు కలిపితే అడుగుదాకా తొందరగా అందుతుంది."

"మరి మనకోండీ?"

"మనకీ అంతే. ఊపిరితిత్తుల్లోంచి నెత్తుట్లోకి. చుట్టూ మంచిగాలి తరిగిపోతే లోపలికి పోయేదేముంది? మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే వాటి విషవాయువు కూడా ఆ దారినే పోతుంది."

ఆ మాట అతని మనసులో నాటుకుపోయింది.

పంతొమ్మిదివందల ముప్పైయారు, ముసురు పట్టిన వానాకాలం. కూతురు సైదా పుట్టింట్లో ఆడపిల్లని కంది. బాలింతకు చలిగాలి సోకితే సన్నిజ్వరం కమ్ముతుందని మంత్రసాని మరియంబీ గది కిటికీ మూయించి, సందుల్లో పాతగుడ్డలు కుక్కించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టించి వెళ్లింది. మగవాళ్లకు ఆ గదిలోకి ప్రవేశం లేదు, కన్నతండ్రి అయినా సరే. ఇమాం సాహెబ్ వసారాలో పచార్లు మొదలెట్టాడు.

మధ్యాహ్నానికి పసిదాని ఏడుపు సన్నగిల్లింది. "సైదా!" అని పిలిస్తే "తలపోటు నాన్నా" అంది ముద్దగా. మళ్లీ పిలిస్తే పలకలేదు.

చాంద్ బీ లోపలికి తొంగిచూసి తలుపు దగ్గరికి వేసేసింది. "నిద్రపోతున్నారు. మీరు కాస్త కుదురుగా కూర్చోండి."

అతను కూర్చోలేదు. తలుపు నెట్టి చూశాడు. తల్లీ బిడ్డా నోళ్లు తెరుచుకుని ఉన్నారు. నిద్రపోయేవాళ్ల నోరు అతనికి తెలుసు. కుండలో తేలిన చేపపిల్లల నోరూ తెలుసు.

"కిటికీ తియ్యి!"

"మతిపోయిందా? సన్ని కమ్మితే పిల్లని మీరు తెచ్చిస్తారా?"

మేష్టారి మాట తప్పయితే కూతుర్ని తన చేత్తో చంపుకున్నట్టే. అయినా కుండలు మోసే కావిడిబద్ద అందుకుని కిటికీ తలుపు బద్దలు కొట్టాడు. కుంపటి వాకిట్లో వానలోకి విసిరేశాడు, అరచెయ్యి కాలింది. సైదాని రెండు చేతులా ఎత్తి వసారాలోకి తెచ్చాడు. చాంద్ బీ శాపనార్థాలు పెడుతూనే పసిదాన్ని తెచ్చి పక్కన పడుకోబెట్టింది.

ఇక చెయ్యడానికేమీ తోచలేదు. కాలిన చేత్తోనే పసిదాని ముఖం మీద గాలి కదపసాగాడు, కుండలో నీళ్లు కదిపినట్టు. సైదా భళ్లున వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. బిడ్డ మాత్రం కదల్లేదు. చాంద్ బీ తిట్లు ఆగిపోయాయి.

చెయ్యి బరువెక్కింది. మంటకు తట్టుకోలేక అతను దాన్ని దించబోయాడు.

చాంద్ బీ ఆ మోచేతిని కిందనుంచి పట్టుకుని పైకెత్తింది.

"ఆపకండి" అంది ఏడుస్తూ. "మీ కాళ్లు మొక్కుతాను, ఆపకండి."

ఇద్దరూ కలిసి ఆడించారు. పసిది వెక్కి, ముఖం ఎర్రగా చేసుకుని, వీధి దద్దరిల్లేలా ఏడ్చింది.