ఫాయా కొండ కింద కడిగిన రోలు

ఎనభైల తొలినాళ్లలో నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్ కూలీల క్యాంపులో ఉండేవాణ్ని. పగలు సిమెంటు, రాత్రి పదిమంది గురక. ఎడారిలో రాతియుగం ఆనవాళ్లు వెతికే సర్వే వాళ్లకు మా కంపెనీ ఒక కూలీని, ఒక వంటమనిషిని పంపుతోందనీ, పని నచ్చితే చలికాలమంతా ఉంచుకుంటారనీ తెలిసింది. నేనూ, మా జగిత్యాల వైపు వంటమనిషి రాజన్నా ఎగిరి గంతేశాం. ఆ గోడల మధ్య ఇంటిమీద బెంగ మరీ ఎక్కువయ్యేది.

తెల్లవారకముందే పికప్ ఎక్కాం. షార్జా మీదుగా ధైద్ దాకా రోడ్డు, అక్కడ అర దిర్హం చాయ్, ఆపైన దక్షిణంగా ఇసుక బాట. మూడు గంటలు ఒళ్లు హూనమైంది. ఇప్పుడైతే కారులో గంట చాలు. ఫాయా కొండ కింద దిగి, వరసగా నిలబడి, నేలను చూస్తూ నడవడమే పని. చెక్కిన రాయి కనిపిస్తే పక్కన చిన్న జెండా గుచ్చాలి, ముట్టుకోకూడదు. అందరూ ముదీర్ అని పిలిచే సర్వే పెద్ద ఈ మాట నడిచేవాళ్లకు చెప్పాడు. పొయ్యి దగ్గరున్న రాజన్నకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే గరగరమని నూరే చప్పుడు వినిపించింది. రెండేళ్లయింది ఆ చప్పుడు విని. మా ఇంట్లో నా భార్య లక్ష్మి రోజూ నూరేది. గబగబా పొయ్యి వైపు నడిచాను.

"దా అన్నా! ఈడ రోలు దొరికింది. మంచిగ రెండుమార్లు కడిగి పచ్చిమిర్చి తొక్కు నూరిన. డబ్బా కారం తిని తిని నాలుక సచ్చింది గదా!" అన్నాడు రాజన్న. చూస్తే, మధ్యలో గుంటపడ్డ పాత రాయి, దాని మీద గుండ్రటి చేతిరాయి.

ముదీర్ తల పట్టుకున్నాడు. "పానీ డాలా?" అన్నాడు వచ్చీరాని హిందీలో, నీళ్లు పోశావా అని. వేల ఏళ్ల కింద ఎవరో నూరిన గింజల పొడి ఆ గుంటలో అంటుకుని ఉంటుందట. వాళ్లు వెతికేది దాన్నేనట. రాజన్న బిక్కచచ్చిపోయాడు.

"కడగకుండ ఎట్ల నూరుతం సార్? మా అమ్మయితే కట్టె తీస్కుంటది!"

ముదీర్ అరవలేదు. "ఖలాస్. కల్ సే మత్ ఆనా" అన్నాడు. అయిపోయింది, రేపటి నుంచి ఇద్దరూ రావద్దని. చలికాలం పని గంగలో కలిసింది.

తొక్కును మాత్రం వదలలేదు. ఖుబూస్ రొట్టెకు అద్దుకుని తిన్నాం. అబ్బ! మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు. కారానికేలే అని ఒకరికొకరం చెప్పుకున్నాం. వెళ్లేముందు ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది. ఏ ఇల్లాలు నూరి నూరి అరగదీసిందో! లక్ష్మిని అప్పటికప్పుడు చూడాలనిపించింది.

సెలవు దొరికి ఇంటికి పోగానే రోటి తొక్కు అడిగాను. లక్ష్మి నవ్వింది. "నువ్వు పంపిన పైసలతోనే మిక్సీ కొన్న గదా, ఇంక రోలెందుకు?" పెరట్లో మా రోట్లో కోళ్లకు నీళ్లు పోసి ఉన్నాయి. ఆ నీళ్లు పారబోసి, రోలు నేనే కడిగి, నూరమని ఆమె ముందు కూర్చున్నాను.

ఫాయా వైపు వెళ్లేవాళ్లు చలికాలంలో, పొద్దున్నే బయల్దేరండి. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. గుంటపడ్డ రాయి కనిపిస్తే మాత్రం దాని మీద చుక్క కూడా పోయకండి.