మా బావకొచ్చిన పీయూష గ్రంథి వేషం

ఇప్పటి పిల్లలు ఒకళ్ళ ఫోను చూసి ఒకళ్ళు కుళ్ళుకుంటారట. మా కాలంలో కుళ్ళుకోవడానికి అంత సరంజామా ఎక్కడిది? విశాఖ ఉక్కునగరంలో అందరి నాన్నలూ ఒకే ప్లాంటుకి వెళ్ళేవారు, అందరివీ ఒకే రకం క్వార్టర్లు, గోడలకి వేసిన సున్నం కూడా ఒకటే రంగు. వస్తువుల్లో తేడా దొరక్క మనుషుల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళం. నా వాటాకి దొరికినవాడు మా బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా కొద్ది నెలలు పెద్ద. మా నాన్నా, మామయ్యా గోదావరి జిల్లా నుంచి ఉద్యోగాలకని వచ్చి, ఒకే సెక్టారులో మైదానానికి చెరో పక్కన కాపురం పెట్టారు. మేమిద్దరం ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచీ. ఇళ్ళల్లో గోదావరి మాటే అయినా, బావకి మాత్రం మైదానంలో ఆడే కుర్రాళ్ళ ఉత్తరాంధ్ర యాస పట్టుబడింది. తొమ్మిదో తరగతి దాకా మా ఇద్దరికీ ఒకే తానులోంచి, ఒకే కొలతకి చొక్కాలు కుట్టించేవారు. ఆ వేసవిలో ఏం జరిగిందో గానీ, పదో తరగతి మొదలయ్యేసరికి బావ తల మా గుమ్మానికి తగలడం మొదలైంది. గొంతు బొంగురుపోయింది. పై పెదవి మీద ఎవరో బొగ్గుతో గీత గీసినట్టు నూగుమీసం. నేను మాత్రం ఎక్కడున్నవాణ్ణి అక్కడే ఉన్నాను. గొంతు కూడా మారలేదు. (ఇంటికి ఎవరైనా ఫోన్ చేస్తే, నేను ఎత్తగానే "అమ్మాయ్, నాన్నగారున్నారా?" అని అడిగేవారు.)

ఆ ఏడాది నేను పడ్డ మంట అంతా ఇంతా కాదు. అత్త మా ఇంటికొస్తే, "వీడి ప్యాంట్లు నెలనెలా పొట్టయిపోతున్నాయే వదినా, ఏం చెయ్యమంటావ్!" అని విసుక్కునేది. ఆ విసుగులో ఎంత గర్వముండేదో నాకు తెలుసు. అమ్మ నావంక ఓసారి చూసి, "మావాడికి ఆ ఖర్చు లేదులెండి" అనేది. కూర్మన్నపాలెంలో సిటీ బస్సెక్కితే కండక్టరు బావకి పెద్ద టికెట్టు చింపి, నన్ను అడక్కుండానే హాఫ్ టికెట్టు చేతిలో పెట్టేవాడు. ఓసారి నేను పదో తరగతి అని చెబితే, "పోన్లే నాన్నా, ఏ తరగతైతే ఏటి, నువ్వు కూకోడానికి సీటే అక్కర్లేదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆ కొత్త బొంగురు గొంతుతో బావ నవ్వాడు. అప్పట్నుంచీ నేను రోజూ మైదానంలో ఫుట్‌బాల్ గోలు కమ్మీకి గబ్బిలంలా వేలాడేవాణ్ణి. చేతులు సాగాయేమో గానీ నేను సాగలేదు.

ఇలా ఉండగా మా సైన్సు మాస్టారు వినాళ గ్రంథుల పాఠం మొదలుపెట్టారు. ఆయనది శ్రీకాకుళం వైపు. పాఠం పుస్తకం భాషలో మొదలై, ఉత్సాహం ఎక్కువయ్యేకొద్దీ వాళ్ళ ఊరి భాషలోకి దిగిపోయేది. "ఈ గ్రంథులకి గొట్టాలుండవురా. తయారుసేసిన సరుకుని తిన్నగా రగతంలో కలిపేత్తాయి. ఆ సరుకే హార్మోను. మెదడు కింద వేలాడతన్నాదే, ఆ పీయూష గ్రంథి, అది మిగతావాటికి రాజు. మనిసి పొడుగైనా పొట్టైనా దాని సలవే!" అన్నారు. తరగతి మొత్తం ఒకసారి బావవైపు, ఒకసారి నావైపు చూసింది. నా దుఃఖానికి మూలపురుషుడెవరో నాకు ఆ రోజే తెలిసింది.

అంతటితో పోయినా బాగుండేది. బడిలో సైన్సు ప్రదర్శన వచ్చింది. బొమ్మలూ చార్టులూ అందరూ పెడతారు, మనం మనుషులతోనే గ్రంథుల్ని చూపిద్దామన్నారు మాస్టారు. ఆ రాజుని కూడా ఆడించే హైపోథాలమస్ వేషం ఆయనే తీసుకున్నారు. మెడ ముందు సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్, అదే అవటు గ్రంథి వేషం, అట్టతో చేసిన రెక్కలతో సహా, తరగతి లీడరమ్మాయికి వెళ్ళింది. (కొన్ని గ్రంథుల జోలికి మాస్టారు అసలు వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు కూడా.) బంగారు కాగితం అంటించిన కిరీటంతో పీయూష గ్రంథి వేషం బావకిచ్చారు. నాకు అధివృక్క గ్రంథి. అంటే మూత్రపిండం మీద టోపీలా కూర్చునేది. వీపుకి చిక్కుడుగింజ ఆకారపు అట్టముక్క, నెత్తిన మూడు మూలల టోపీ. అద్దంలో చూసుకుంటే మిఠాయి పొట్లంలా ఉన్నాను.

నేను ఊరుకోలేదు. "మాస్టారూ, పీయూష గ్రంథి బఠాణీ గింజంతే ఉంటుందని మీరే చెప్పారు కదండీ. మన తరగతిలో ఆ సైజులో ఉన్నది నేనే. ఆ వేషం న్యాయంగా నాది" అని వాదించాను. మాస్టారు కాసేపు నిజంగానే ఆలోచించారు. నా గుండె ఆశతో కొట్టుకుంది. "నువ్వన్నది సైన్సు పెకారం రైటేరా. కానీ కిరీటం ఆడి కొలతకి సేయించేసినాను. నీకెడితే మెడలోకి జారిపోద్ది" అనేశారు.

పగ తీర్చుకునే దారి లేక ఆ పాఠాన్ని నమిలి మింగేశాను. పీయూష గ్రంథిలో ఏదైనా లోపం దొరక్కపోతుందా అని వెతుకుతూ, మా ఫ్యామిలీ డాక్టరుగారి దగ్గర అరువు తెచ్చుకున్న లావుపాటి పుస్తకం కూడా తిరగేశాను. దొరికింది! అధివృక్క గ్రంథికి రెండు భాగాలు. పైనున్న పొర, అంటే వల్కలం, పీయూష గ్రంథి మాట వింటుంది. లోపలున్న దవ్వకి మాత్రం ఆ రాజుగారితో పని లేదు. భయమేసినప్పుడు నరాలు తిన్నగా దానికే కబురు పంపుతాయి, అది అడ్రినలిన్ వదిలేస్తుంది. అది చదివి నేను పడ్డ ఆనందం, తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా పడలేదు.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో ముఖ్య అతిథిగా వచ్చిన ఒక డాక్టరమ్మ, వెనకాల మా అమ్మా, అత్తా. మాస్టారు హైపోథాలమస్‌గా నాలుగు ముక్కలు చెప్పి బావ భుజం తట్టారు. బావ ఠీవిగా ముందుకొచ్చి, "నేను పీయూష గ్రంథిని" అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట రాలేదు. వాడు ఆజ్ఞాపిస్తే తప్ప మేమెవరం నోరు తెరవకూడదని ఏర్పాటు. అందరం కొయ్యబొమ్మల్లా నిలబడిపోయాం. నాకు లోపల పండగలా ఉంది. 'రాజుగారి పని అయిపోయింది' అనుకుంటూ వాడి మొహం చూశాను. కిరీటం కింద నుంచి చెమట ధారగా కారుతోంది. పెదవులు కదపకుండా నావైపు వంగి, "ఒరే, నాకేటీ గుర్తు రాట్లేదురా. నాను ఎల్లిపోతాను" అన్నాడు. ఆ గొంతులో బొంగురు లేదు. మేమిద్దరం ఒకే కొలత చొక్కాలేసుకున్న నాటి గొంతు అది.

ఏం పూనిందో, నేను ముందుకు దూకాను. "నేను అధివృక్క గ్రంథి దవ్వని! నాకు రాజాజ్ఞ అక్కర్లేదు. ఇదిగో, ఈయన్ని చూడండి. భయపడ్డారు. నేను అడ్రినలిన్ వదిలాను. గుండె దడదడలాడుతోంది, నోరు ఎండిపోయింది, ఒళ్ళంతా చెమట. పోరాడు, లేదా పారిపో అని చెప్పేది నేనే!" అని బావ చెయ్యి పట్టుకుని పైకెత్తాను. హాలు చప్పట్లతో మోగిపోయింది. మాస్టారి కళ్ళల్లో నీళ్ళు. ఆ ఒక్క నిమిషం నేను ఉక్కునగరంలోకెల్లా పొడుగైనవాణ్ణి.

చివర్లో డాక్టరమ్మ మైకు తీసుకుని, "ఇంత చక్కటి ప్రదర్శన నేను చూడలేదు. ముఖ్యంగా ఆ కిరీటం పెట్టుకున్న అబ్బాయి! భయాన్ని ఎంత సహజంగా నటించాడో! చెమట కూడా తెప్పించుకున్నాడు!" అని, ఉత్తమ నటుడి బహుమతి బావకిచ్చింది. స్టీలు ఫ్లాస్కు. నాకు అందరితోపాటు పెన్ను. అత్త కొంగుతో కళ్ళొత్తుకుంది. నా లోపల ఏ గ్రంథి పని చేసిందో గానీ, కళ్ళు మండాయి.

సాయంత్రం బావ సైకిలు మీద నన్ను ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. కొంతదూరం పోయాక వాడే అన్నాడు: "నాను నటించలేదని నీకు తెలుసు గదరా. ఎవులికీ సెప్పకు." మలుపు తిరుగుతూ, "నీకసలు బయమెయ్యదేట్రా? అంతమంది ముందు గడగడా ఎలాగ మాటాడేసినావ్? నాకేమో గొంతు ఎప్పుడేటి పలుకుద్దో నాకే తెలీదు. కాళ్ళు ఒకటే పీకుతన్నాయి. నీలాగుంటే బాగున్ను" అన్నాడు. నాకు తెలిసి ప్రపంచంలో నన్ను చూసి కుళ్ళుకున్న మొదటి మనిషి వాడే. ఆ సంతోషంలో ఫ్లాస్కు సంగతి మరిచిపోయాను. (పూర్తిగా కాదు.)

ఇంటర్ రెండో ఏడాదికి నేనూ పొడుగయ్యాను. ఎవరూ గమనించలేదు, అప్పటికి ఆ వింత పాతబడిపోయింది. బావ, నేను ఇప్పుడూ గాజువాకలోనే ఉంటాం. మొన్న ఇద్దరం పరగడుపున ఒకే ల్యాబుకి షుగరు పరీక్షకి వెళ్ళాం. మా ఇద్దరి క్లోమాలూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయి మరి. కాగితాలు చేతికొచ్చాయి. వాడి అంకె నాదానికన్నా తక్కువుంది. "ఏట్రా, మొకం అలాగెట్టినావ్?" అని వాడు అడిగితే, ఏం లేదన్నాను. బయటికొచ్చి ఇద్దరం చక్కెర లేని టీ చెప్పుకుని తాగాం. వాడు గొంతు సవరించుకుని, నవ్వు ఆపుకుంటూ, నా కాగితం కేసి మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, కడుపులో ఆ మంట ఇంకా అంత తాజాగా ఉన్నందుకు సిగ్గుపడాల్సింది పోయి, నాకూ నవ్వొచ్చింది.